పదకొండు కణుపులు

“గాలాడని ఈ గదిలో ఏదో ఒకరోజు కళ్ళు తిరిగి పడిపోతావే తల్లీ!” అంటూ అమ్మ కిటికీ తెరిచింది.

భూతద్దం కింద, ఇంకా అట్టకు అంటించని చచ్చిన చీమ కాస్తా గాలికి ఎగిరిపోయింది.

“కదలకమ్మా! కాలెత్తావంటే నలిగిపోతుంది. నాకున్నది అదొక్కటే!” కూతురు మోకాళ్ళ మీద కూలబడి నేల తడమసాగింది.

అమ్మ ఉన్నచోటే కొయ్యబారింది. “చక్కెర డబ్బాలో కావలసినన్ని ఉన్నాయి. ఒకటి తెచ్చుకోరాదూ?”

“వాటి మీసానికి పన్నెండు కణుపులు. దీనికి పదకొండే. ఈ రకాన్ని ఇంతవరకూ ఎవరూ గుర్తించలేదు.”

“కొత్తదని తేలితే?”

“దీని పుట్ట వెతకడానికి మా పరిశోధన సంస్థ వాళ్ళు నన్ను ఏడాదిపాటు అడవికి పంపుతారు.”

పాములు, జ్వరాలు, లోయలో బోల్తాపడ్డ బస్సు, అన్నీ ఒక్కసారే అమ్మ కళ్ళముందు తిరిగాయి.

“దొరక్కపోతే?”

“ఇక జన్మంతా ఈ గదే.”

అప్పుడే అమ్మ కంటపడింది, తన శాలువా ఉన్నిలో ఇరుక్కున్న నల్లటి చుక్క. ఒక్క దులుపు దులిపితే చాలు, పిల్ల గడప దాటదు. ఆమె వేళ్ళు శాలువా దాకా వెళ్ళాయి కూడా.

“అమ్మా, నీవైపేమైనా కనిపిస్తోందా?”

అమ్మ వేళ్ళు అక్కడే ఆగిపోయాయి. కూతురు బల్ల కింద వెతికింది, మంచం కింద వెతికింది, మళ్ళీ అడిగింది. చివరికి గోడకు ఆనుకుని, మోకాళ్ళలో తల దాచుకుంది. పిల్ల అంత చిన్నగా ముడుచుకోవడం అమ్మ ఎన్నడూ చూడలేదు.

అమ్మ శాలువా దగ్గర్నుంచి చెయ్యి వెనక్కి తీసుకుంది.

“నా శాలువా మీదుంది. మెల్లిగా తియ్యవే... మీసం విరిగేను, జాగ్రత్త!”