చేపల బ్యాచ్

"తెలిసి మార్చితే కేసు. తెలియక మార్చితే ప్రమాదం. నేను రాయాల్సింది అంతే," అన్నాడు విచారణ అధికారి.

ఆవిడ తల ఊపింది. మూడు రోజులుగా ఎవరేం చెప్పినా అలాగే ఊపుతోంది.

డైవింగ్ క్లబ్బు వెనక గది అది. గోడకు వేలాడుతున్న రబ్బరు సూట్ల నుంచి నీళ్లు గచ్చు మీద పడుతున్నాయి. బల్ల మీద రెండు సిలిండర్లు. ఆవిడ భర్తను, క్లబ్బులో అందరూ మాస్టారు అని పిలిచే మనిషిని, సముద్రంలోంచి తీసినప్పుడు ఒంటికి వేలాడుతున్నవి. ఒకదాని పట్టీ మీద 21 అని, రెండోదాని మీద 6 అని రాసి ఉంది.

పైకి వచ్చేటప్పుడు ఎన్ని మీటర్ల దగ్గర పీల్చాలో చెప్పే అంకెలవి. ఆరుది ఒట్టి ఆక్సిజన్. అంతకంటే లోతులో పీలిస్తే ఫిట్స్ వస్తాయి. నీళ్లలో ఫిట్స్ వస్తే మనిషి మిగలడు. అందుకే ఇరవయ్యొకటి ఎడమ పక్కకు, ఆరు కుడి పక్కకు తగిలించుకుంటారు. చీకట్లో తడుముకున్నా తెలియాలి కదా.

ఆ రోజు పడవలో అవి అటుది ఇటు, ఇటుది అటు అయ్యాయి. తగిలించింది ఆవిడ.

"ఎప్పుడూ ఈవిడే తగిలిస్తుందండీ," అన్నాడు పడవ నడిపేవాడు. "అంత బరువు ఒంటి మీదకెక్కాక మాస్టారు మెడ కూడా తిప్పలేడు. మొన్న కూడా 'ఏయ్ చేపల బ్యాచ్, త్వరగా కానివ్వు' అన్నాడు. అందరం నవ్వాం."

"చేపల బ్యాచ్ ఏంటయ్యా?"

పడవవాడు నసిగాడు. క్లబ్బు ప్రెసిడెంటు అందుకున్నాడు.

డైవర్లలో రెండు కులాలున్నాయి. నలభై మీటర్ల లోపు దిగి, చేపల్ని చూసి, ఫోటోలు తీసుకుని వచ్చేవాళ్లు రిక్రియేషనల్. ఒంటి నిండా సిలిండర్లు కట్టుకుని ఇంకా కిందికి పోయేవాళ్లు టెక్నికల్. పైకొచ్చాక ఇద్దరూ ఒకే కుళాయి కింద ఉప్పు కడుక్కోవాల్సిందే. అయినా టెక్నికల్ వాడు రెండోవాడి బల్ల దగ్గర కూర్చోడు.

అందరిలోకీ మాస్టారు పెద్ద కులం. డెబ్బై మీటర్లు దిగినవాడు. తన స్థాయికి తగిన జోడీ లేడని ఒంటరిగా దిగేవాడు. జోడీ ఉంటే, గొట్టం నోట్లో పెట్టుకోబోయే ముందు పట్టీ చదివి ఆపేవాడు. తానైనా చదువుకోవాలి. పట్టీలు చదవడం కొత్తగా నేర్చుకునేవాళ్ల పని అనేవాడు.

"మా మరదలికి ఇవేం తెలుసండీ?" అంది మాస్టారి అక్క. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. "మా తమ్ముడే అనేవాడు, దీన్ని నీళ్లలో దింపితే ఎర్ర చేపలెన్ని, పచ్చ చేపలెన్ని అని చెప్తుంది, ఇంకేం రాదు అని. పదిమందిలో అనేవాడు. అలాంటిదాని చేతిలో ప్రాణం పెట్టాడు, మొండోడు."

అధికారి ఆవిడ వైపు తిరిగాడు.

"ఈ ఆరు అంటే ఏంటో మీవారు మీకు చెప్పారామ్మా?"

"లేదండీ. ఎప్పుడూ చెప్పలేదు."

"మీరు అడగలేదా?"

"అడగలేదండీ."

"మీ డైవింగ్ కార్డు ఉందా?"

ఆవిడ సంచిలోంచి పాత కార్డొకటి తీసి బల్ల మీద పెట్టింది. రిక్రియేషనల్. పద్దెనిమిది మీటర్ల వరకే అనుమతి. ఫోటోలో పాతికేళ్ల పిల్ల నవ్వుతోంది. అధికారి ఫోటోనూ ఆవిడనూ మార్చి మార్చి చూశాడు. ఆ నవ్వు ఈ మొహానికి సరిపోలేదు.

"ఇంత తెలియని మనిషికి ఈ పని అప్పజెప్పడమేంటండీ?" అన్నాడు, ప్రెసిడెంటుతో.

"ఎవరం చెప్పినా వినేవాడు కాదు సార్. కూలీ ఖర్చు లేదు కదా, అనేవాడు."

ఎవరూ నవ్వలేదు.

అధికారి కలం తీశాడు. వర్గం అన్న చోట రిక్రియేషనల్ అని రాశాడు. గ్యాసుల గురించి అవగాహన అన్న చోట లేదు అని రాశాడు. కింద ప్రమాదం అని రాసి సంతకం పెట్టాడు. కాగితం ఆవిడ వైపు తిప్పాడు. అతను చూపించిన చోట ఆవిడ సంతకం పెట్టింది.

"ఇక మీరు వెళ్లొచ్చమ్మా. మనసులో పెట్టుకోకండి. తెలిసి చేసింది కాదు."

ఆవిడ తల ఊపింది.

ఆడపడుచు వచ్చి భుజం పట్టుకుంది. "పద, ఇంటికి పోదాం. నువ్వు మాత్రం ఏం చేస్తావు, పిచ్చిదానా."

బయట ఎండ మండిపోతోంది. ఆవిడకు చెమట కూడా పట్టలేదు.

పద్దెనిమిదేళ్ల కిందట, పెళ్లికి ముందు, ఈ సంగతి ఎక్కడా చెప్పకూడదని ఒట్టు వేయించుకుని, మాస్టారు టెక్నికల్ డైవింగ్ నేర్చుకున్నది ఆవిడ దగ్గరే.