కూతా? కోతా?

"ఇంకో ఐదు నిమిషాలు! ఈలోగా పిట్ట కూత వినిపించిందా సరే, లేదా మా కోత మొదలు!"

కాంట్రాక్టరు బుల్డోజరు మెట్టెక్కి నిలబడి చేతి గడియారం చూపించాడు. నేలను చదును చేయడం తప్ప వేరే చదువు అంటని మనిషి.

బుల్డోజరుకు అడ్డంగా కుట్టుమిషను స్టూలు వేసుకుని కూర్చున్న టైలరక్క కదల్లేదు. ఆమె వెనక వాలు పొడవునా ముళ్లపొదలు. వాలు కింద ఆమె ఇల్లు.

"పోయినేడు అవతలి సగం కొట్టేశారు సార్," అంది పక్కనే నిలబడ్డ అటవీ అధికారితో. "మొదటి వానకే మట్టంతా జారి మా వంటింట్లో దిగింది. వరద వచ్చి, బురద తెచ్చి, మా సరదా తీర్చిపోయింది. బావి చూస్తే ఎండలు ముదరకముందే అడుగు కనిపిస్తోంది. ఈ సగం కూడా పోతే నేనూ నా మిషనూ కలిసి కింద రోడ్డు మీద తేలతాం!"

"బదులుగా కుండీల్లో మొక్కలు పెడతాం కదక్కా!" అన్నాడు కాంట్రాక్టరు.

"కుండీలో వేరు కొండను పట్టుకుంటుందా నాయనా?"

అధికారి తల గోక్కున్నాడు. "అమ్మా, బురదకి నా దగ్గర రూలు లేదు. పిట్టకే ఉంది. ఈ పొదల్లో తప్ప ఇంకెక్కడా గూడు కట్టని ఈలపిట్ట ఉందని తేలితే, ఈ క్షణమే పని ఆపిస్తాను. కానీ ఆరేళ్లుగా దాన్ని చూసినవాళ్లు లేరు, విన్నవాళ్లూ లేరు."

"ఎలా ఉంటుంది సార్! ఇక్కడ నేను కట్టబోయే పిట్టగోడ తప్ప పిట్టన్నదే లేదు!" తన జోకుకి తనే పడీపడీ నవ్వాడు కాంట్రాక్టరు.

టైలరక్క నవ్వలేదు. ఆమె చెవులు రెండూ పొదల్లో ఉన్నాయి. ఆమె మరిది కూడా అక్కడే ఉండాలి. రైల్వే ప్రకటన నుంచి పసిపిల్ల ఏడుపు దాకా ఏదైనా దించేసే మిమిక్రీ మొనగాడు. ఎప్పుడో విన్న ఈలపిట్ట కూతని గుర్తు తెచ్చుకుని వారం నుంచి సాధన చేస్తున్నాడు. పొద్దున బయల్దేరుతూ "పదింటికల్లా పొదలో దూరి రెండే రెండు ఈలలు వెయ్యి, చాలు" అని తట్టి లేపితే, దుప్పట్లోంచి బొటనవేలు పైకెత్తి చూపించాడు.

ఇప్పుడు పదీ పది.

"మూడు నిమిషాలు!"

అక్క పళ్లు నూరింది. వద్దన్నప్పుడు వంద గొంతులు, కావాలన్నప్పుడు ఒక్కటీ లేదు!

"ఒక్క నిమిషం!... అయిపోయింది. తియ్యరా బండి!"

డ్రైవరు తాళం తిప్పబోయాడు.

"ట్వీ... ట్వీ... ట్విర్‌ర్‌ర్!"

అధికారి చటుక్కున చెయ్యెత్తాడు. డ్రైవరు చెయ్యి తాళం మీదే ఆగింది.

"పిట్టా లేదు, గిట్టా లేదు! ఎవడో ఈల వేస్తున్నాడు సార్!" కాంట్రాక్టరు గోల మొదలెట్టాడు. "అక్క మనిషిని పెట్టింది!"

టైలరక్క గుండె మిషను సూదిలా టకటక కొట్టుకుంది.

"ష్! వినండి."

ఎడమవైపు పొదలోంచి మళ్లీ "ట్వీ... ట్వీ..." ఆ కూత ముగియకముందే కుడివైపు నుంచి, ఇరవై గజాల అవతల నుంచి, "ట్విర్‌ర్‌ర్!" అని జవాబు.

అక్క కళ్లు తేలేసింది. రెండు ఈలలు వెయ్యమంటే జంటగానం పెట్టాడేమిటి వీడు! "అతి చెయ్యకురా, దొరికిపోతాం," అని గొణుక్కుంది.

"మనిషైతే రెండు చోట్ల ఎలా ఉంటాడయ్యా?" అధికారి మొహం వెలిగిపోయింది. "జంట! అంటే గూడు కూడా ఉంటుంది!" బుల్డోజరు మీదే కాగితం పరిచి సంతకం గీకేశాడు. "ఇక ఈ వాలు మీద గడ్డిపరక కూడా కదపడానికి వీల్లేదు."

"మరి నా పిట్టగోడ సార్?"

"పిట్టకి గోడెందుకయ్యా! బండి వెనక్కి తిప్పించు."

టైలరక్క స్టూలు చంకన పెట్టుకుని ఒక్క పరుగున ఇల్లు చేరింది. మరిది మెడకి మఫ్లరు చుట్టుకుని, పెరటి గుమ్మంలో ఉప్పునీళ్లు పుక్కిలిస్తున్నాడు.

"నాకంటే ముందే వచ్చేశావే! అంతలా కూస్తే గొంతు పట్టెయ్యదూ? సర్లే, నీ నోటికి బంగారు తొడుగు వేయించినా తక్కువేరా! ఆ రెండో వైపు నుంచి ఎలా కూశావు? అది చెప్పు ముందు!"

మరిది అయోమయంగా చూశాడు. నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. బట్టలు కత్తిరించే బల్ల దగ్గరికెళ్లి, సుద్దముక్క అందుకుని గబగబా రాశాడు:

"క్షమించు వదినా, సాధన ఎక్కువై, నువ్వెళ్లాక లేచి చూస్తే గొంతు పూర్తిగా పోయింది, గుమ్మం కూడా దాటలేదు. పొదలు కొట్టేశారా?"