దత్తత కాగితం

సచివాలయంలో పెళ్లిళ్లు నమోదు చేసే యంత్రం వాళ్లిద్దరి ముఖాలూ చూసి, "తల్లీకూతుళ్లకు వివాహం చెల్లదు" అంది.

ఇద్దరు ఆడవాళ్లు ఒకరినొకరు పెళ్లి చేసుకోవడానికి చట్టం ఒప్పుకోని రోజుల్లో, తన తర్వాత ఇల్లు సుహితకే దక్కాలని నూకరత్నం ఆమెను దత్తత చేసుకుంది. ఇప్పుడు చట్టం వచ్చింది కానీ ఆ కాగితమే అడ్డొచ్చింది.

"దత్తత రద్దయిన నెలకు పెళ్లి చేసుకోవచ్చు. రద్దు చేయమంటారా?" అని అడిగింది యంత్రం.

"ఆ నెలరోజులూ మేం ఒకరికొకరం ఏటవుతాం?" అంది నూకరత్నం.

"ఏమీ కారు."

సుహితకు ఎల్లుండే గుండె ఆపరేషన్. దానికి దగ్గరి బంధువే సంతకం పెట్టాలి.

"ఏటి సేద్దామే?"

"పెళ్లాన్నవుదామని వస్తే కూతురుగానే తోలెస్తన్నావేటమ్మా?" అని సుహిత నూకరత్నాన్ని చూసి నవ్వింది.

నవ్వాలో ఏడవాలో నూకరత్నానికి తెలియలేదు. రద్దు వద్దని చెప్పి, ఆసుపత్రి కాగితంలో 'రోగికి ఏమవుతారు' అన్న చోట 'తల్లి' అని రాసింది. రాశాక, సుహిత ముఖంలోకి చూడలేకపోయింది.