ఎండు తుమ్మల దాకా

"పైకి రండి! ముందు గట్టెక్కండి మేడంగారూ!"

మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడ్డ సుధామయి ఉలిక్కిపడింది. హనుమయ్య ఖాళీ నూనెడబ్బాను కర్రతో దబదబా బాదుకుంటూ గట్టు వెంట పరుగెత్తుకొస్తున్నాడు. తిరువూరు దాటాక విస్సన్నపేట రోడ్డు పక్కనున్న ఆ చెరువులో చేపల హక్కును వేలంలో పాడుకున్నది అతనే.

"మీ చేపల జోలికి రానండీ. ఈత కొట్టుకుని పోతాను," అంది సుధామయి. ఆమె హైస్కూల్లో లెక్కల టీచరు. ఒంటి నిండా నల్లటి ఈత దుస్తులు, నడుముకు తాడుతో కట్టుకున్న, నీళ్ళ మీద తేలే నారింజరంగు గాలిబుడగ.

"ఈతా? చెరువులోనా? మీరు దిగితే నా చేపలు బెదిరి మేత మానేస్తాయండి! విజయవాడలో బోలెడు స్విమ్మింగ్ పూల్సు ఉండగా ఇదేం సరదా?"

"పూల్లోనే నేర్చుకున్నాను. వచ్చే నెల కృష్ణలో పోటీ ఉంది. నదిలో దిగాలంటే ముందు ఇలాంటి నీళ్ళు అలవాటు కావాలి కదండీ. ఈ చుట్టుపక్కల నాకు ఇంకే నీళ్ళున్నాయి?"

"అయ్యన్నీ నాకు తెలవ్వండి. గట్టెక్కండి."

బైకు మీద కూర్చున్న పవనకుమార్, అంటే సుధామయి మొగుడు, ఈ అవకాశం కోసమే ఎదురు చూస్తున్నాడు.

"విన్నావుగా? ఒక్కరు కాదన్నా మానేస్తానని మాటిచ్చావు. ఇక పద ఇంటికి."

మాటిచ్చిన సంగతి నిజమే. సుధామయికి ఒళ్ళు మండింది, ఏడుపూ వచ్చింది. ఎలాగూ పోతున్నాం, ఒక్కసారన్నా ఈదేసి పోదామనుకుని అమాంతం ముందుకు దూకింది. చేతులు విసురుతూ, కాళ్ళు టపటపా కొడుతూ లోపలికి పోయింది. పూల్లో అయితే అడుగున నల్లగీత ఉంటుంది, దాని వెంట పోతే చాలు. ఇక్కడ కళ్ళు తెరిస్తే పచ్చటి మసక తప్ప ఏమీ లేదు. కాలికి నాచు చుట్టుకునేసరికి గుండె ఝల్లుమంది. కంగారుగా వెనక్కి తిరిగి, ఎలాగో ఒడ్డున పడి, తిట్లకు సిద్ధమై తలెత్తింది.

హనుమయ్య తిట్టలేదు. డబ్బా కొట్టడం ఆపేసి, నోరు తెరుచుకుని ఒకసారి చెరువు వంక, ఒకసారి ఆకాశం వంక చూస్తున్నాడు.

"మేడంగారూ," అన్నాడు, గొంతు మారిపోయింది. "రేపు కూడా వస్తారా?"

"మరి చేపలు బెదురుతాయన్నారు?"

"అయ్యే అలవాటు పడతాయిలెండి!"

అలా మొదలైంది. రోజూ పొద్దున్నే సుధామయి వచ్చేసరికి హనుమయ్య గట్టు మీద సిద్ధంగా ఉండేవాడు. ఆమె వంకరటింకరగా పోతుంటే దారి చెప్పేవాడు.

"ఊరికే నీళ్ళలోకి చూస్తే ఎట్టాగండీ? తలెత్తి గురి చూసుకోండి. అదుగో, నడిమధ్యన ఎండు తుమ్మచెట్లు లేవూ? వాటి కాడికెళ్ళి, చుట్టూ ఓ తిరుగుడు తిరిగి రండి."

"అంత దూరమా? నాకు భయమండీ."

"నేనున్నాగా!"

మొదట సగం దూరం పోయి వచ్చేసేది. తర్వాత్తర్వాత చెట్ల దాకా పోయింది. నాచు తగిలినా ఇప్పుడు గుండె ఝల్లుమనడం లేదు. దారినపోయేవాళ్ళు బండ్లాపి చూస్తుంటే హనుమయ్యే కసిరేవాడు. "ఏంట్రా చూస్తారు? మీ ఇళ్ళల్లో ఆడోళ్ళు లేరా?"

గాలిబుడగకు మెరిసే ఎర్ర రిబ్బన్లు తెచ్చి కట్టాడు. "దూరానికి బాగా కనపడాలండీ," అన్నాడు.

"చేతులు ఇంకా పైకి లేపి కొట్టండి! చప్పుడు రావాల!"

"చప్పుడు రాకుండా ఈదమని మా కోచ్ చెప్పాడండీ."

"ఆయనది స్విమ్మింగ్ పూల్. చెరువుకి చప్పుడు ఉండాలండీ."

"మీరు డబ్బా కొట్టడం మానేశారేంటి?"

"మీరు ఈదుతుంటే ఇంకెందుకండీ డబ్బా?"

ఎంత సంస్కారం! సుధామయి ఇంటికెళ్ళి మొగుడిని దులిపేసింది. "చదువుకున్న మీకంటే హనుమయ్య వెయ్యిరెట్లు నయం. నా మీద నాకే నమ్మకం లేని రోజున ఆయన నన్ను నమ్మాడు." పవనకుమార్ పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

పోటీకి ముందురోజు ఆమె ఎక్కడా ఆగకుండా చెట్ల దాకా పోయి, చుట్టూ తిరిగి వచ్చింది. ఈసారి పవనకుమార్ తనంతట తనే వచ్చి ఫోన్లో వీడియో తీశాడు, చప్పట్లు కూడా కొట్టాడు.

"హనుమయ్యగారూ, రేపే పోటీ," అంది సుధామయి తల తుడుచుకుంటూ. "పతకమంటూ వస్తే అది మీదే. తర్వాత పిల్లలకి పరీక్షలు, నేనిక రాలేనేమో."

హనుమయ్య మొహం వాడిపోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అంత మాటనకండి మేడంగారూ. మీరు రాకపోతే ఎట్టా?"

సుధామయి కళ్ళు కూడా చెమర్చాయి. "చూశారా, అభిమానమంటే ఇదీ!" అంది మొగుడితో.

హనుమయ్య గబగబా వెళ్ళి పవనకుమార్ రెండు చేతులూ పట్టుకున్నాడు.

"పోనీ మీరన్నా దిగండి సార్! ఈత రాకపోయినా పర్లేదు, నీళ్ళలో నిలబడి చేతులు గట్టిగా ఆడిస్తే చాలు. మేడంగారు దిగిన కాడ్నుంచీ ఒక్క నీటికాకి కూడా నా చేపల మీద వాల్లేదండీ!"