ఇంకా పాఠం మొదలవలేదు

"కాశమ్మా, పాఠం మధ్యలో ఎక్కడికి?"

శుభాకర్ గొంతు కాస్త గట్టిగానే పలికింది. అప్పటికే కాశమ్మ గుమ్మం దాటి చెప్పులు వెతుక్కుంటోంది.

"ఇప్పుడే వచ్చెత్తాను మేస్టారూ. మీరు సెప్తూండండి," అని కొంగు నడుముకి దోపుకుని జాలరిపేట సందులోకి మలుపు తిరిగిపోయింది.

ఆటోనగర్‌లో లేత్ షాపు నడిపే శుభాకర్, బుధవారం సాయంత్రాలు మాత్రం అందరికీ మేస్టారు. చర్చి పక్క గదిలో బైబిలు పాఠం చెబుతాడు. జనం పలచబడిపోతున్నారని, ఇంకొక్క వారం చూసి ఆపేద్దామని పాస్టరు గారు పోయిన బుధవారమే చెప్పేశారు. అందుకే వారం రోజులు లేత్ మిషన్ పక్కన కూర్చుని నోట్సు రాశాడు. వాక్యం అర్థం కావాలంటే హృదయాన్ని ఎలా సిద్ధం చేసుకోవాలన్నది పాఠం. మొత్తం తొమ్మిది మెట్లు. ఒక్కో మెట్టుకీ ఒక్కో రంగు ఇంకు. చాప మీద ఎనిమిది మంది కూర్చునేసరికి ప్రాణం లేచొచ్చింది.

మొదటి మెట్టుకి ముందు, ఉపోద్ఘాతంగా ఒక్క మాట చెప్పాడంతే.

"దేవుడికి కానుక పట్టుకొచ్చావు. తీరా అక్కడ నిలబడ్డాక, నీ వల్ల ఒకరి మనసు నొచ్చుకుందని గుర్తొచ్చింది. కానుక అక్కడే వదిలెయ్. ముందెళ్ళి వాళ్ళతో సమాధానపడు. తర్వాతే వచ్చి ఇయ్యి. ఇది ప్రభువు మాట. దీని లోతు ఆరో మెట్టులో చూద్దాం."

సరిగ్గా అప్పుడే కాశమ్మ లేచింది.

రెండో మెట్టు సగంలో ఉండగా జాక్సన్ లేచాడు. ఉక్కు ఫ్యాక్టరీలో వెల్డరు. చేతిలో ఫోను.

"డ్యూటీకి పిలిచారా?"

"కాదు మేస్టారూ. దానికన్నా అర్జెంటు."

మూడో మెట్టు దగ్గర చాపకి ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు కూర్చున్న అత్తాకోడళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. ముందు అత్త బయటికెళ్ళింది. నిమిషం తర్వాత కోడలు. శుభాకర్ చదువుతున్న వరస తప్పి మళ్ళీ అదే వాక్యం చదివాడు.

పడవలు ఒడ్డుకొచ్చాయేమో అనుకున్నాడు. క్రికెట్ మ్యాచ్ ఉందేమో అనుకున్నాడు. తను చెప్పేదే బాగోలేదేమో అని కూడా అనిపించింది. నీళ్ళు తాగి గొంతు పెంచాడు. అయిదో మెట్టు అయ్యేసరికి మరో ముగ్గురు తప్పుకున్నారు.

మిగిలింది గవర్రాజు ఒక్కడు. పోర్టులో క్రేను నడుపుతాడు. వెనక గోడకి ఆనుకుని, మోకాళ్ళ చుట్టూ చేతులు వేసుకుని, రెప్ప వేయకుండా శుభాకర్‌నే చూస్తున్నాడు.

ఒక్కడైతేనేం అనుకున్నాడు శుభాకర్. ఎనిమిది మందికీ చెప్పాల్సింది ఆ ఒక్కడికే చెప్పాడు. ఒక్క రంగూ వదల్లేదు. ఏడో మెట్టు దగ్గర గవర్రాజు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వాక్యం పని చేస్తోందని శుభాకర్ గొంతులో మళ్ళీ ఊపొచ్చింది. తొమ్మిదో మెట్టు పూర్తి చేసి, ప్రార్థన చేసి కళ్ళు తెరిచేసరికి ఎదురుగా భార్య ఫ్లోరెన్స్, టీ ఫ్లాస్కూ కప్పులూ పట్టుకుని.

"ఏటండీ, జనమేరీ?"

"పారిపోయారు."

"పారిపోడమేటి? కాశమ్మ ఆ సిట్టెమ్మ అరుగు మీద కూసునుంది. సేపల బజార్లో తట్ట పెట్టుకునే జాగా కోసం కొట్టుకున్నారు కదా, ఏడాదైంది మాటల్లేక. ఇప్పుడు ఒకే గ్లాసు టీ పంచుకుంటన్నారు. జాక్సనేమో సందు సివర నిలబడి ఆళ్ళన్నతో ఫోన్లో మాటాడతా ఏడుత్తన్నాడు. అత్తాకోడళ్ళు చర్చి మెట్ల కింద ఉన్నారు. నాను అటెల్లలేదు, ఆళ్ళ మాటలు ఆళ్ళని ఆడుకోనిద్దామని."

"పాఠం వదిలేసి ఇప్పుడా అవన్నీ?"

"నానూ అదే అడిగాను. మేస్టారే ఎల్లమన్నారు అని సెప్పారు."

శుభాకర్ తన నోట్సు వైపు చూశాడు. ఎర్ర ఇంకు, పచ్చ ఇంకు, నీలం ఇంకు.

"నేనింకా దాన్ని వివరించనేలేదు ఫ్లోరెన్స్. అది ఉపోద్ఘాతం."

"వివరించుంటే ఆగిపోయేవోళ్ళేమో," అంది ఆమె, కప్పులో టీ పోస్తూ.

శుభాకర్‌కి కోపం రావలసింది. రాలేదు. వారం రోజుల కష్టం ఒక్క మాటకి సాటి రాలేదని నవ్వొచ్చింది. నోట్సు మూసి, వెళ్ళి గవర్రాజు పక్కన చాప మీద కూర్చున్నాడు. టీ కప్పు తనే అందించాడు.

"అంటే అందరిలోకీ నీకొక్కడికే ఎవరితోనూ తగువు లేదన్నమాట. అందుకే గంటన్నర కదలకుండా విన్నావు. సిద్ధపడిన హృదయమంటే నీదే గవర్రాజూ."

గవర్రాజు టీ తాగలేదు. కప్పు కింద పెట్టేశాడు.

"నానేటీ వినలేదు మేస్టారూ. మీ పాఠాలు ఆపించెయ్యండని పాస్టరు గారి సెవిలో ఏసింది నానే. మిగతావోళ్ళు ఆళ్ళాళ్ళ మనుసుల కాడికి ఎల్లిపోనారు. నానెల్లాల్సిన మనిసి ఇక్కడే నిలబడి ఆపకుండా పాఠం సెప్తంటే, నానెక్కడికెల్లనూ?"