వాసవి నోటిమాట

“ఈ పిల్ల నోట్లో ఇంగ్లీషు పలక్కుంటే దాని గతేమి కావల్ల?” అంది రాజ్యలక్ష్మమ్మ, ఆటో ఇంకా బడి గేటు దగ్గర ఆగకముందే.

పక్కన కూచున్న భర్త శివప్రసాద్ నవ్వాడు. “మూడో తరగతే కదే. పలుకుతుందిలే.”

ఆయన నవ్వగలడు. డోన్ బజారులో స్టీలు సామాన్ల అంగడి, వచ్చేపోయే జనంతో కబుర్లు, పొద్దు ఇట్టే గడిచిపోతుంది. ఆమె అట్లా కాదు. వాన పడితే బడి గోడ కూలుతుందని, ఎండ కాస్తే పిల్లకు వడదెబ్బ తగులుతుందని ముందుగానే కళ్లొత్తుకునే మనిషి. పాలు తాగకుంటే నా మింద ఒట్టు, ఒక్కదానివే రోడ్డు దాటితే నా మింద ఒట్టు అని కూతురు వాసవి వెంట తిరుగుతూనే ఉంటుంది. పోయిన ఎండాకాలం, తింటే నా మింద ఒట్టు అని ఆమె చెప్పినా వినకుండా వాసవి పుల్లైసు కొనుక్కుని తిన్నది. ఆ మర్నాడే రాజ్యలక్ష్మమ్మ మలేరియా వచ్చి కర్నూలు ఆసుపత్రిలో వారం రోజులు పడుకుంది. ఒట్టు తప్పితివి, సచ్చి బతికినా చూడు అని మంచం మీది నుంచే కూతుర్ని కోప్పడింది.

ఆటో దిగి పోయిన ఆ మీటింగులో హెడ్‌మేడమ్ తల్లిదండ్రులందరికీ ఒకటే మాట చెప్పింది. ఇంట్లో తెలుగు వినపడినన్నాళ్లూ పిల్లలకు ఇంగ్లీషు రాదట. ఏడో తరగతితో చదువు ఆగిపోయిన రాజ్యలక్ష్మమ్మకు ఆ మాట గుండెలో ముల్లులా దిగింది. రాత్రి అన్నం కలిపి ముద్దలు పెడుతూ, రేపటి నుంచి నీ నోట్లోంచి తెలుగు మాట వచ్చిందంటే నా మింద ఒట్టు అంది. అంతలో పాలు పొంగిన వాసన వస్తే చెయ్యి కడుక్కోకుండానే వంటింట్లోకి పరిగెత్తింది.

మొదటి వారం ఇల్లంతా పండగే. ఎస్ మమ్మీ, నో మమ్మీ అని వాసవి అంటుంటే రాజ్యలక్ష్మమ్మ పక్కింటి పెద్దక్కను పిలిచి మరీ వినిపించింది. రెండో వారంలో తరగతిలో ఏదో జరిగింది. వాసవి మంచినీళ్లకు పోవాలని టీచర్ని అడగబోయి మాటలు తారుమారు చేసిందట, పిల్లలంతా పగలబడి నవ్వారట. ఆ సాయంత్రం నుంచి వాసవి నోరు విప్పడం మానేసింది.

బడిలో హాజరు పిలిస్తే ప్రెజెంట్ మిస్ అంటుంది, అంతే. ఇంట్లో ఆ మాత్రం కూడా లేదు. ఆకలైతే పళ్లెం తెచ్చి ముందు పెడుతుంది. దప్పికైతే చెంబు చూపిస్తుంది. రాజ్యలక్ష్మమ్మ ఎండుమిరపకాయలు తిప్పి దిష్టి తీసింది. అహోబిలం నరసింహస్వామికి తలనీలాలు మొక్కుకుంది. శివప్రసాద్ సైకిలు కొనిస్తా, ఏ రంగుదో చెప్పమ్మా అని బతిమాలితే వాసవి ఆయన చొక్కా గుండీలతో ఆడుకుంటూ కూచుంది. పెద్దక్క మాత్రం నవ్వేసింది.

“నీ మాటలన్నీ విని విని దానికి విసుగొచ్చిందేమోలే రాజ్యం.”

రాజ్యలక్ష్మమ్మకు నవ్వు రాలేదు. మొన్న బీరువా తలుపులో వేలు నలిగి రక్తం కారినప్పుడు కూడా పిల్ల అమ్మా అనలేదు. కళ్లనిండా నీళ్లు పెట్టుకుని, పెదవులు గట్టిగా బిగించుకుని నిలబడింది. మెదడులో ఏదో నరం తెగిందని ఆ రోజే ఆమెకు ఖాయమైపోయింది.

మూడో నెల నిండకముందే కర్నూలు తీసుకుపోయారు. డాక్టరు ప్రేమయ్య బ్యాటరీ వేసి నోరు చూశాడు, గొంతు తడిమి చూశాడు. అన్నీ బాగానే ఉన్నాయన్నాడు. ఎక్కడన్నా నొప్పి ఉంటే రాయి పాపా అని కాగితం, పెన్ను ఇచ్చాడు. వాసవి రెండే ఇంగ్లీషు అక్షరాలు రాసింది. ఏం రాసింది సార్ అని రాజ్యలక్ష్మమ్మ ఆత్రంగా ముందుకు వంగింది. నో అని రాసిందన్నాడు ప్రేమయ్య.

“ఇంట్లో ఏమన్నా భయపెట్టినారామ్మా?”

“నేనా సార్? దీని కోసరం నేను పానమైనా ఇస్తా.”

ఆ మాట వినగానే వాసవి ఉలిక్కిపడి తల్లి కొంగు పట్టుకుంది. డాక్టరు ఒక సీసా టానిక్కు రాసి, రెండు నెలల తర్వాత తీసుకురండి అన్నాడు.

బస్టాండులో డోన్ బస్సు ఇంకా రాలేదు. అంగడికి ఫోను చేయడానికి శివప్రసాద్ రూపాయి ఫోను దగ్గరికి పోయాడు. సిమెంటు బెంచీ మీద తల్లీకూతుళ్లు ఇద్దరే మిగిలారు. ఇంకో రెండు నెలలు. రాజ్యలక్ష్మమ్మకు ఇంక పోవడానికి డాక్టరు లేడు, మొక్కడానికి దేవుడు లేడు. బెంచీ దిగి, అందరూ చూస్తున్నారనే సిగ్గు కూడా లేకుండా కూతురి ముందు మోకాళ్ల మీద కూచుంది. నలిగిన వేలుకు కట్టిన గుడ్డను సరిచేస్తూ, ఆ చేతిని తీసి తన తల మీద పెట్టుకుంది.

“ఒక్కసారి అమ్మా అని పిలువు నాయనా. ఇంకేమీ అడగను. ఇప్పుడు పిలవకుంటే నా మింద ఒట్టు.”

వాసవి మొహం పాలిపోయింది. చెయ్యి వెనక్కి తీసుకోబోయింది, తల్లి వదల్లేదు. పిల్ల పెదవులు కదిలాయి, మళ్లీ బిగుసుకున్నాయి. ఒక బస్సు వచ్చి జనాన్ని దింపి పోయింది. ఇంకో బస్సు వచ్చింది. కళ్లలో నీళ్లు తిరుగుతుండగా వాసవి అడిగింది.

“ఏ ఒట్టు తప్పమంటావమ్మా?”