కత్తులకు మళ్ళీ కాలమొచ్చింది

"కత్తి, గొడ్డలి, బల్లెం, విల్లు, బాకు. మధ్యాహ్నానికల్లా ఇక్కడుండాలి ఫణిదా. లేదా, సామాన్ల గది తాళాలు ఇచ్చేసి ఇంటికెళ్ళు," అన్నాడు దర్శకుడు సౌమ్యజిత్.

సామాన్ల గది చూసుకునే ఫణిభూషణ్ తల గోక్కున్నాడు. బెంగాలీ సినిమాలు తీసే ఆ టాలీగంజ్ స్టూడియోలో పన్నెండేళ్ళుగా ఆ కత్తుల మొహం చూసినవాడు లేడు. జమీందారు విలన్లు పోయి గూండాలొచ్చారు, బాకులు పోయి పిస్తోళ్ళొచ్చాయి. ఇప్పుడైతే మిషన్ గన్ లేనిదే హీరో గుమ్మం దాటడు. తుప్పు పట్టిపోతున్నాయని జాలిపడి, ఎవరికీ చెప్పకుండా, వాటిని తన పేటలోని దుర్గామండపంలో అమ్మవారి చేతులకు ఇచ్చేశాడు. తీరా ఇప్పుడు ఈ మహానుభావుడికి రాజుల సినిమా మీద మోజు పుట్టింది!

గోనెసంచీ భుజాన వేసుకుని మండపానికి పరుగెత్తాడు. కమిటీ కార్యదర్శి బటుక్, అతని సొంత బావమరిది, విగ్రహానికి అడ్డం నిలబడ్డాడు.

"మతి పోయిందా బావా? నాలుగింటికి మండపాల పోటీ జడ్జీలొస్తున్నారు. పక్క పేటవాళ్ళు మండపాన్నే రైల్వే స్టేషన్ చేసి కూర్చున్నారు. మనకున్నది అమ్మ ఒక్కతే. ఆవిణ్ణీ ఐదు చేతులు ఖాళీగా నిలబెట్టమంటావా?"

"ఖాళీగా ఎందుకురా? బదులు తెచ్చాగా!"

సంచీ బోర్లించాడు. జమీందారు జోడుగొట్టాల తుపాకీ, సైకిల్ చైను, నాటు పిస్తోలు, రివాల్వరు, మిషన్ గన్ను.

బటుక్ నోరు వెళ్ళబెట్టాడు. "మహిషాసురుణ్ణి అమ్మ సైకిల్ చైనుతో కొడుతుందా?"

"మన హీరోలు కొట్టలేదూ? త్రిశూలం జోలికి రానులే. షాటు అవగానే తెచ్చిచ్చేస్తా."

బటుక్ తిడుతూనే ఉన్నాడు. ఫణిభూషణ్ నిచ్చెనెక్కి ఐదూ మార్చేసి, దిగి, వెనక్కి చూడకుండా పోయాడు.

షాటు తెమిలేసరికి పొద్దుపోయింది. మర్నాడు పొద్దున్నే బటుక్ కమిటీ మొత్తాన్ని వెంటేసుకుని స్టూడియోకే వచ్చాడు. ఉద్యోగమైతే దక్కింది గాని వీపు దక్కేలా లేదనుకున్నాడు ఫణిభూషణ్. కత్తులన్నీ ముందుకు తోసి దణ్ణం పెట్టాడు.

"తప్పయిపోయిందిరా. ఇవిగో, తీసుకుపో."

"వాటి మొహం, నువ్వే ఉంచుకో!" బటుక్ అతన్ని గట్టిగా వాటేసుకున్నాడు. "బెంగాలీ సినిమా ఆయుధాల చరిత్రంతా అమ్మ చేతుల్లో చూపించారని జడ్జీలు మనకే మొదటి బహుమతి ఇచ్చారు బావా! ఇంకో పిస్తోలుంటే త్వరగా ఇవ్వు. పాపం, అమ్మ పక్కన కొడుకు కార్తికేయుడొక్కడే ఇంకా విల్లు పట్టుకుని నిలబడ్డాడు!"